ఆలస్యంగా వచ్చిన అక్కలు

పెళ్ళి, పిల్లలు, సేద్యం మధ్య ఆగిపోయిన చదువును ముప్పయ్యో ఏటో నలభయ్యో ఏటో మళ్ళీ అందుకునే స్త్రీకి రెండు కావాలి. ఒకటి సీటు, రెండోది తోడు. సీటుకు దరఖాస్తు ఉంటుంది, గడువు ఉంటుంది, జత చేయాల్సిన సర్టిఫికెట్ల జాబితా ఉంటుంది. తోడుకు ఇవేమీ ఉండవు. క్లాసులో కూతురి ఈడు పిల్లల పక్కన కూర్చోవడం, మధ్యాహ్నం ఎవరితో కలిసి క్యారియర్ విప్పాలో తెలియకపోవడం, రాలేకపోయిన రోజు నోట్సు ఎవరినడగాలో తోచకపోవడం పైకి చిన్న సంగతులే. చేరినవాళ్ళు మధ్యలో మానేయడం వెనుక ఇంటి పనితో పాటు ఇవీ ఉంటాయి.

అమెరికా కాలేజీల్లో ఈ తోడుకు సొరోరిటీ అనే స్థిరమైన రూపం ఉంది. అది విద్యార్థినుల సంఘం. దానికో పేరు, చాలాచోట్ల ఒక ఇల్లు, చందా, చేర్చుకునే తంతు, జీవితాంతం చెల్లే సభ్యత్వం ఉంటాయి. తెలుగునాట కాలేజీలకు అలాంటి సంఘాల అలవాటు లేదు. ఇక్కడ ఆ పని మొదట స్త్రీ సమాజాలు చేశాయి, తర్వాత హాస్టళ్ళు చేశాయి, ఇప్పుడు కడప జిల్లా లింగాల లాంటి మండలాల్లో ఎంతోకొంత పొదుపు సంఘాలు చేస్తున్నాయి. వీటిలో కొన్నింటిని చదువు ఆలస్యమైన స్త్రీలే తమ అవసరం కోసం కట్టుకున్నారు. అమెరికా సొరోరిటీలు ఎక్కువగా లేత వయసు విద్యార్థినులు పెట్టుకున్నవి. పెద్ద వయసు విద్యార్థినికి ఒకచోట చోటు సులువుగా, మరోచోట కష్టంగా దొరకడానికి ఈ పుట్టుకలోని తేడా చాలావరకు కారణం.

చదువు ఆగిపోయే వయసు ఇక్కడ ఇంకా చిన్నదే. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో 20–24 ఏళ్ళ స్త్రీలలో 29.3 శాతం మందికి పద్దెనిమిదేళ్ళు నిండకముందే పెళ్ళయింది. పదో తరగతి పరీక్షలవగానే సంబంధం కుదిరిన పిల్ల మళ్ళీ పుస్తకం పట్టే తీరిక దొరికేసరికి ఆమె పెద్దబిడ్డ హైస్కూల్లో ఉంటాడు. అప్పుడు కాలేజీలో చేరితే అక్కడి వరసలు ఆమెకు కుదరవు. రెండో ఏడాది పిల్ల మొదటి ఏడాది పిల్లకు అక్క అవడం కాలేజీ మర్యాద. మొదటి ఏడాదిలో చేరిన మనిషికి ముప్పై ఎనిమిదేళ్ళుంటే సీనియర్లే ఆమెను అక్కా అంటారు, కొందరు ఆంటీ అంటారు. పాఠం చెప్పే మేడమ్ ఆమె కన్నా చిన్నదై, అండీ అని పిలిచి ఇద్దరికీ ఇబ్బంది తెస్తుంది. ర్యాగింగ్ బెడద మాత్రం ఉండదు. ఆంధ్రప్రదేశ్‌లో 1997 నుంచే ర్యాగింగ్ నిషేధ చట్టం ఉంది, 2009లో యూజీసీ దేశమంతటికీ నిబంధనలు తెచ్చింది. అవి లేకున్నా పిల్లలు ఆమె జోలికి పోరు. జోలికి పోనివాళ్ళు జట్టులోనూ కలుపుకోరన్నదే చిక్కు.

సమాజాలు, శరణాలయాలు

తెలుగు స్త్రీలకు కాలేజీల కన్నా ముందు సమాజాలు వచ్చాయి. భండారు అచ్చమాంబ (1874–1905) బడి ముఖం చూడలేదు. తమ్ముడు కొమర్రాజు లక్ష్మణరావు చదువుకుంటుంటే అతని పక్కన కూర్చుని చదవడం, రాయడం పట్టుకుంది. పెళ్ళయి కాపురం చేస్తూ చదివిన ఆ చదువుతోనే ‘అబలా సచ్చరిత్ర రత్నమాల’ రాసింది. 1902లో ఓరుగంటి సుందరీ రత్నమాంబతో కలిసి మచిలీపట్నంలో బృందావన స్త్రీ సమాజాన్ని స్థాపించింది. తర్వాత ఊరూరా ఇలాంటివి వెలిశాయి. వారానికో నెలకో ఒక ఇంట్లో కూడి పత్రిక చదవడం, చదవడం రానివాళ్ళకు చదివి వినిపించడం, ఒకరు ఉపన్యసించడం వాటి పని. సభ్యులంతా గృహిణులే కాబట్టి వయసు అక్కడ ఎవరికీ అడ్డు కాలేదు. పరీక్షలూ లేవు, పట్టాలూ లేవు. ఆ సమాజాలకున్న సౌలభ్యమూ కొరతా అదే.

వితంతువుల చదువు ఇంకో దారిలో నడిచింది. చిన్ననాడే భర్త పోయిన స్త్రీని ఏ వయసులోనైనా బడిలో కూర్చోబెట్టాలంటే ముందు ఆమె ఉండటానికి ఒక ఇల్లు కావాలి. మద్రాసులో సిస్టర్ సుబ్బలక్ష్మి తానే బాలవితంతువు. 1911లో ప్రెసిడెన్సీ కాలేజీ నుంచి బీఏ పట్టా తీసుకుని, వితంతువులకు హాస్టల్ మొదలుపెట్టి, కొన్నేళ్ళకు దాన్ని మెరీనా ఒడ్డున ఉన్న ఐస్ హౌస్ భవనానికి తరలించింది. 1942లో మైలాపూరులో పెద్ద వయసు స్త్రీల కోసమే శ్రీవిద్యా కళానిలయం అనే బడి తెరిచింది. గుంటూరులో ఉన్నవ లక్ష్మీనారాయణ, లక్ష్మీబాయమ్మ దంపతులు 1922లో పెట్టిన శారదా నికేతనం కూడా ఈ కోవలోదే. ఈ ఇళ్ళలో చదువుతో పాటు వంట, కుట్టుపని, ప్రార్థన, పడక అన్నీ ఉమ్మడి. బయట లోకం అశుభమని పక్కకు నెట్టినవాళ్ళు లోపల ఒకరికొకరు అక్కాచెల్లెళ్ళయ్యారు.

వాల్తేరు హాస్టల్

సీటు, తోడు అన్న రెండు సమస్యలనూ ఒకే మనిషి ఎదుర్కొని, రెండో దాని ద్వారా మొదటి దాన్ని సాధించిన కథ దుర్గాబాయి దేశ్‌ముఖ్‌ది. 1909 జూలై 15న రాజమండ్రిలో పుట్టిన ఆమెకు ఎనిమిదో ఏట పెళ్ళి చేశారు. ఊహ తెలిశాక ఆ కాపురానికి వెళ్ళనని చెప్పింది, పుట్టింటివాళ్ళు ఆమె పక్షాన నిలిచారు. బాలిక హిందీ పాఠశాల పెట్టి ఆడవాళ్ళకు హిందీ నేర్పింది. 1923 కాకినాడ కాంగ్రెసు సభల్లో స్వచ్ఛంద సేవికగా నిలబడి, టిక్కెట్టు లేదని జవహర్‌లాల్ నెహ్రూను ఖద్దరు ప్రదర్శన వాకిట్లో ఆపిన పిల్ల ఆమే. ఉప్పు సత్యాగ్రహంతో మొదలై మూడుసార్లు జైలుకు వెళ్ళింది. జైలు నుంచి బయటికి వచ్చేసరికి వయసు పాతికకు చేరువైంది. ఉద్యమంలో పేరుంది, చేతిలో పరీక్ష పాసైన కాగితం ఒక్కటీ లేదు.

అప్పుడు మెట్రిక్ దగ్గర మొదలుపెట్టింది. బెనారస్ హిందూ విశ్వవిద్యాలయం ప్రైవేటుగా చదివినవాళ్ళను పరీక్షకు రానిచ్చేది గనుక ఆ దారిన మెట్రిక్ దాటింది, ఇంటర్మీడియట్ కూడా గట్టెక్కింది. ఆనర్సు కోసం వాల్తేరులో ఆంధ్ర విశ్వవిద్యాలయానికి దరఖాస్తు చేసింది. ఉపకులపతి కట్టమంచి రామలింగారెడ్డి. స్త్రీల చదువుకు వ్యతిరేకి కాని ఆ చిత్తూరు మేధావి చెప్పిన కారణం పరిపాలనకు సంబంధించింది: ఆడవాళ్ళకు హాస్టల్ లేదు, హాస్టల్ లేకుండా చేర్చుకోలేం. దుర్గాబాయి వాదనకు దిగలేదు. హాస్టల్ లేని కారణంగా విశ్వవిద్యాలయంలో చేరలేకపోతున్న స్త్రీలు తనకు రాయాలని పత్రికల్లో ప్రకటన ఇచ్చింది. పది మంది దాకా ముందుకొచ్చారు. వాళ్ళంతా కలిసి తమకు తామే ఒక హాస్టల్ ఏర్పాటు చేసుకున్నారు. దాంతో కాదనడానికి కారణం లేకపోయింది.

ఈ ఘట్టాన్ని ఆమె పట్టుదలకు నిదర్శనంగా చెప్పడం పరిపాటి. అంతకన్నా ముఖ్యమైనది ఆ ప్రకటన తీరు. తనకొక్కతెకే గది కావాలని అడగవచ్చు, బంధువుల ఇంట్లో ఉంటానని ఒప్పించవచ్చు. ఆమె తనలాగే ఆగిపోయినవాళ్ళు ఎక్కడెక్కడ ఉన్నారో వెతికింది. ఆ పది మంది ఒకరినొకరు ఎరగరు. ఒకే అడ్డంకి వాళ్ళను ఒక కప్పు కిందికి చేర్చింది. తోడు ముందు దొరికింది, దాని వల్ల సీటు దొరికింది. 1930ల చివరికి ఆనర్సు ముగించి, మద్రాసులో లా చదివి 1942లో పట్టా తీసుకుని హైకోర్టులో ప్రాక్టీసు పెట్టేనాటికి ఆమెకు ముప్పై మూడేళ్ళు. మూడేళ్ళ లా కోర్సుకు ముప్పై ఏళ్ళ గరిష్ఠ వయసు అన్న నిబంధనను బార్ కౌన్సిల్ 2008లో తెచ్చింది, 2017లో సుప్రీంకోర్టు దాని అమలును నిలిపివేసింది. ఆ లెక్క 1940ల మద్రాసులో ఉండి ఉంటే ఆమె సభ్యురాలైన రాజ్యాంగ సభ ఒక న్యాయవాదిని పోగొట్టుకునేదే.

వాల్తేరు అనుభవం తర్వాతి పనిలో స్పష్టంగా కనిపిస్తుంది. 1937లో మద్రాసులో పిల్లలతో చిన్నగా మొదలైన బృందం ఆంధ్ర మహిళా సభగా ఎదిగింది. చదువు మధ్యలో ఆగిన యువతులను, వితంతువులను, భర్త వదిలేసినవాళ్ళను ఒకచోట చేర్చి బెనారస్ మెట్రిక్ పరీక్షకు తయారు చేయడం సభ తొలినాటి పనుల్లో ఒకటి. ఆమెకు అక్కరకొచ్చిన పరీక్షే అది. 1953లో కేంద్ర సాంఘిక సంక్షేమ బోర్డుకు తొలి అధ్యక్షురాలయ్యాక ఇదే పద్ధతి దేశమంతటికీ పాకింది. 1958లో బోర్డు మొదలుపెట్టిన కండెన్స్‌డ్ కోర్సులు అవే. బడిలో అయిదారేళ్ళు పట్టే పాఠాన్ని పెద్ద వయసు స్త్రీలకు రెండేళ్ళకు కుదించి చెప్పేవారు. అప్పటి పంచవర్ష ప్రణాళికలకు గ్రామసేవికలు, నర్సులు, ప్రాథమిక ఉపాధ్యాయినులు వేల సంఖ్యలో కావాలి, మెట్రిక్ పాసైన స్త్రీలేమో దొరకరు. పని అవసరం అలా చదువు తలుపు తెరిచింది.

కోర్సు విజయం పాఠ్యప్రణాళికలో లేదు, బ్యాచ్‌లో ఉంది. క్లాసులో అందరికీ దాదాపు ఒకే వయసు, అందరికీ ఏదో ఒక తెగిన కథ. లెక్కలు మరిచిపోయినందుకు ఎవరూ నవ్వరు, ఎందుకంటే అందరూ మరిచిపోయారు. చాలా కేంద్రాల్లో వసతి కూడా అక్కడే. రాత్రి పాఠం వల్లె వేసుకునేది పక్క చాప మీద మనిషితోనే.

గ్రీకు అక్షరాల ఇళ్ళు

అమెరికాలో విద్యార్థినుల సంఘాలు పుట్టడానికీ వసతి కొరత ఒక కారణమే. 1851లో జార్జియా రాష్ట్రం మేకన్ పట్టణంలోని వెస్లియన్ మహిళా కళాశాలలో అడెల్ఫియన్ సొసైటీ వచ్చింది, మరుసటి ఏడాది ఫిలోమతియన్ వచ్చింది. అవి తొలి బీజాలు. అంతర్యుద్ధం తర్వాత మగవాళ్ళ కాలేజీలు ఒక్కొక్కటే స్త్రీలను చేర్చుకోసాగాక 1867లో మన్మత్ కాలేజీలో పై బీటా ఫై, 1870లో ఇండియానాలో కప్పా ఆల్ఫా థీటా మొదలయ్యాయి. వందలాది మగపిల్లల మధ్య గుప్పెడు మంది ఆడపిల్లలు. వాళ్ళకు హాస్టళ్ళు తక్కువ, మగవాళ్ళ సంఘాల్లో చోటు లేదు. గ్రీకు అక్షరాల పేర్లు, రహస్య సంకేతాలు, బ్యాడ్జీలు మగవాళ్ళ సంఘాల నుంచి తీసుకున్నవి. ఇల్లు మాత్రం వాళ్ళ అవసరం. 1902లో ఈ సంఘాలు ఉమ్మడిగా ఏర్పరచుకున్న నేషనల్ పాన్‌హెలెనిక్ కాన్ఫరెన్సులో ఇప్పుడు 26 సంఘాలున్నాయి.

వీటిలో చేరే పద్ధతి బయటివాళ్ళకు వింతగా ఉంటుంది. ఎక్కువ విశ్వవిద్యాలయాల్లో శరత్కాలం సెమిస్టరు తొలినాళ్ళలో కొన్ని రోజుల పాటు కొత్త విద్యార్థినులు ఇల్లిల్లూ తిరిగి సభ్యులతో కాసేపు కాసేపు మాట్లాడతారు. ప్రతి విడత తర్వాత ఇళ్ళు తమకు నచ్చినవాళ్ళ పేర్లు, విద్యార్థినులు తమకు నచ్చిన ఇళ్ళ పేర్లు ఇస్తారు. రెండు జాబితాలూ కలిసినచోట ఆహ్వానం అందుతుంది. మన పెళ్ళిచూపులు నాలుగు రోజుల్లో నాలుగు విడతలుగా, ఇరుపక్షాలా ఆడవాళ్ళే ఉండి జరిగితే ఎలా ఉంటుందో దాదాపు అలాగే ఉంటుంది.

ఇక్కడ వయసు మీద రాతపూర్వకమైన అడ్డు లేదు. ఆ కాలేజీలో డిగ్రీ చదువుతున్న విద్యార్థిని అయితే చాలు. అడ్డంతా వాడుకలో ఉంది. ఇళ్ళు నాలుగేళ్ళు తమతో ఉండే మొదటి ఏడాది పిల్లలను కోరుకుంటాయి. సభ్యులకు పద్దెనిమిది నుంచి ఇరవై రెండేళ్ళు. చందాలు, విందు దుస్తులు, కొన్నిచోట్ల కనీసం ఏడాది ఆ ఇంట్లోనే ఉండాలన్న షరతు కలిస్తే సాయంత్రం ఉద్యోగానికి వెళ్ళి, పిల్లవాడిని డేకేర్ నుంచి తెచ్చుకునే ముప్పై ఐదేళ్ళ విద్యార్థినికి అది సరిపడే కొలువు కాదు. ఓటు వేసే పిల్లలు ఆమెను ఇష్టపడకపోవడం కాదు, తమ రోజువారీలో ఆమెను ఊహించుకోలేరు. చేరాలనుకునే పెద్దవాళ్ళకు వేరే దారి ఉంది. పూర్వ విద్యార్థినుల శాఖ ద్వారా, ఒక సభ్యురాలి సిఫారసుతో, విద్యార్థిని కాని స్త్రీని కూడా కొన్ని సంఘాలు చేర్చుకుంటాయి. ఆ దారిన వచ్చినవాళ్ళకు కాలేజీ ఇల్లు ఉండదు, సంఘం పని ఉంటుంది.

నల్లజాతి స్త్రీల సంఘాల్లో పరిస్థితి తిరగబడింది. హోవార్డ్ విశ్వవిద్యాలయంలో 1908లో ఆల్ఫా కప్పా ఆల్ఫా, 1913లో డెల్టా సిగ్మా థీటా, 1920లో జీటా ఫై బీటా పుట్టాయి. డెల్టా సభ్యులు సంఘం పెట్టిన రెండు నెలల్లోపే, 1913 మార్చి 3న, స్త్రీల ఓటు హక్కు కోసం వాషింగ్టన్‌లో జరిగిన ఊరేగింపులో నడిచారు. 1922లో ఇండియానాపొలిస్‌లో సిగ్మా గామా రోను స్థాపించినవాళ్ళు ఏడుగురూ బడి పంతులమ్మలు. ఈ సంఘాలకు కాలేజీ శాఖలతో సమానంగా, కొన్నిచోట్ల ఎక్కువ బలంగా, పట్టభద్రుల శాఖలున్నాయి. నలభై ఏళ్ళ నర్సు, యాభై ఏళ్ళ లాయరు ఆ శాఖ ద్వారా కొత్తగా చేరడం అక్కడ మామూలు సంగతి. స్కాలర్‌షిప్పులు, ఓటర్ల నమోదు, ఆరోగ్య శిబిరాలు ఏడాది పొడుగునా నడుస్తాయి. అమెరికా మాజీ ఉపాధ్యక్షురాలు కమలా హారిస్ ఆల్ఫా కప్పా ఆల్ఫాలో 1986లో, హోవార్డ్ చివరి ఏడాదిలో చేరింది. ఆమె పదేపదే చెప్పుకున్న అక్కచెల్లెళ్ళ బలగం కాలేజీ స్నేహితులకు పరిమితమైంది కాదు.

మరికొన్ని ఏర్పాట్లు ఆలస్యంగా చదివేవాళ్ళ కోసమే పుట్టాయి. 1869లో అయోవా వెస్లియన్ కాలేజీలో ఏడుగురు విద్యార్థినులు మొదలుపెట్టిన పీఈఓ, కాలేజీ గోడ దాటి ఊళ్ళలోని స్త్రీల సంఘంగా మారింది. చదువు మధ్యలో ఆగిన స్త్రీలకు సాయం చేసే నిధిని 1973లో ఏర్పాటు చేసింది. స్మిత్ కాలేజీ 1975లో అడా కామ్‌స్టాక్ పథకాన్ని, మౌంట్ హోల్యోక్ 1980లో ఫ్రాన్సిస్ పెర్కిన్స్ పథకాన్ని పెద్ద వయసు విద్యార్థినుల కోసం తెచ్చాయి. ఇంగ్లండులో కేంబ్రిడ్జి లూసీ కావెండిష్ కాలేజీ 1965 నుంచి అర్ధశతాబ్దానికి పైగా పెద్ద వయసు స్త్రీలకే ప్రత్యేకంగా ఉండేది. దుర్గాబాయి ప్రకటన ఇచ్చి పోగుచేసిన గుంపును ఈ కాలేజీలు ఏటా తామే పోగుచేశాయి.

అమెరికాలోని తెలుగువాళ్ళకు సొరోరిటీ మూడు రకాలుగా ఎదురవుతుంది. అక్కడ పుట్టి పెరిగిన పిల్లలకు 1998లో ఒకే ఏడాది మూడు దక్షిణాసియా సంఘాలు దొరికాయి: ఆస్టిన్‌లో కప్పా ఫై గామా, హ్యూస్టన్‌లో డెల్టా ఫై ఒమేగా, న్యూయార్క్‌లో సిగ్మా సిగ్మా రో. ఎంఎస్ చదవడానికి వెళ్ళినవాళ్ళు పీజీ విద్యార్థులు గనుక డిగ్రీ పిల్లల శాఖలకు అర్హులు కారు. వాళ్ళ తోడు నలుగురైదుగురు కలిసి ఉండే అపార్ట్‌మెంటు, ఇండియన్ స్టూడెంట్స్ అసోసియేషన్. అసలైన పెద్ద వయసు విద్యార్థినులు మూడో కోవలో ఉన్నారు. భర్తతో పాటు హెచ్-4 వీసా మీద వెళ్ళిన స్త్రీలు వీళ్ళు. ఆ వీసాతో చదువుకోవచ్చు, ఉద్యోగానికి మాత్రం చాలామందికి అనుమతి లేదు. దగ్గర్లోని కమ్యూనిటీ కాలేజీలో చేరేవాళ్ళలో చాలామందికి ఒళ్ళో బిడ్డ ఉంటుంది. సొరోరిటీ ఇళ్ళు ప్రధానంగా నాలుగేళ్ళ విశ్వవిద్యాలయాల సంప్రదాయం. రెండేళ్ళ కాలేజీల్లో వయసుతో పని లేకుండా మార్కులను బట్టి చేర్చుకునే ఫై థీటా కప్పా ఉంది. మిగతా తోడు 1977 నాటి తానా, ఆ తర్వాత వచ్చిన ఆటా లాంటి సంఘాల సభల్లో, వారాంతపు తెలుగు బడుల్లో పోగవుతుంది.

ఆదివారం క్లాసులు

1982లో హైదరాబాదులో ఆంధ్రప్రదేశ్ సార్వత్రిక విశ్వవిద్యాలయం మొదలైంది. దేశంలో ఇదే మొదటి ఓపెన్ యూనివర్సిటీ. తొలి ఉపకులపతి జి. రాంరెడ్డి. 1991లో దానికి అంబేడ్కర్ పేరు పెట్టారు. పద్దెనిమిదేళ్ళు నిండి అర్హత పరీక్ష పాసైతే కింది తరగతుల సర్టిఫికెట్లు లేకున్నా డిగ్రీలో చేరే వీలు కల్పించింది. పాఠ్యపుస్తకం ఇంటికి వచ్చేది, స్థానిక కాలేజీలో ఆదివారాలు క్లాసులు జరిగేవి. ఆ క్లాసుల్లో కానిస్టేబులు, ఆర్టీసీ కండక్టరు, అంగన్‌వాడీ టీచరు, రిటైర్మెంటుకు దగ్గరైన గుమాస్తా ఒకే బల్ల మీద కనిపించేవారు. పెద్దవాళ్ళే ఎక్కువ కాబట్టి ఇక్కడ సిగ్గు పడాల్సింది పద్దెనిమిదేళ్ళవాడే. 1985లో ఇగ్నో వచ్చాక ఈ దారి దేశమంతటా పరుచుకుంది.

దూరవిద్య సీటు సమస్యను దాదాపు తీర్చేసింది. తోడు సమస్యను అది మరో రూపంలోకి మార్చింది. ఆదివారం క్లాసుకు రావడం తప్పనిసరి కానప్పుడు ఇంట్లో చుట్టాలొచ్చినా, పొలంలో కూలీలు దొరికినా మొదట రద్దయ్యేది ఆ క్లాసే. పరీక్ష ఫీజు కట్టి హాలుకు పోనివాళ్ళు ఈ పద్ధతిలో కొత్త కాదు. ఎదురుచూసే మనిషి లేని చదువును వాయిదా వేయడం సులువు.

1991లో ఏర్పడిన ఓపెన్ స్కూల్ సొసైటీ పదో తరగతికీ, తర్వాత ఇంటర్‌కూ ఇదే పద్ధతి తెచ్చింది. పదో తరగతికి పద్నాలుగేళ్ళు నిండితే చాలు, గరిష్ఠ వయసు లేదు. అయిదు సబ్జెక్టులు. అన్నీ ఒకేసారి రాయనక్కరలేదు, పాసైన సబ్జెక్టు మార్కులు నిలిచి ఉంటాయి, మిగిలినవి అయిదేళ్ళలోపు పూర్తి చేసుకోవచ్చు. రెగ్యులర్ బడి పిల్లలకు లేని ఈ వెసులుబాటు పిల్లల తల్లికి పనికొస్తుంది. ఈ ఏడాది తెలుగు, సోషల్, వచ్చే ఏడాది లెక్కలు అని పంచుకోవచ్చు.

లింగాల నుంచి

లింగాల పులివెందుల పక్క మండలం. చీనీ, అరటి తోటల ప్రాంతం. మండలంలోని పార్నపల్లె దగ్గర చిత్రావతి మీద బ్యాలెన్సింగ్ రిజర్వాయరు ఉంది. కాలేజీ అంటే బస్సెక్కి పులివెందులకు పోవాలి. విశ్వవిద్యాలయం అంటే కడపలో 2006లో వచ్చిన యోగి వేమన. ఇదే ప్రాంతంలో పేరున్న మరో పెద్ద సంస్థ ఇడుపులపాయ ట్రిపుల్ ఐటీ. అది పదో తరగతి మార్కులతో లేత వయసు పిల్లలనే తీసుకుంటుంది, పద్దెనిమిది దాటినవాళ్ళకు, ఎస్సీ ఎస్టీలైతే ఇరవై ఒకటి దాటినవాళ్ళకు, అక్కడ దారి లేదు. ఆలస్యమైన స్త్రీకి మిగిలేవి ఓపెన్ స్కూలు, దూరవిద్య డిగ్రీ, ఆ తర్వాత గరిష్ఠ వయసు లేని బీఈడీ, మూడేళ్ళ లా.

ఊళ్ళో పదో తరగతి మళ్ళీ రాయాలన్న ఆలోచన ఎక్కువగా ఒక నోటిఫికేషన్‌తో మొదలవుతుంది. అంగన్‌వాడీ కార్యకర్త పోస్టుకు పదో తరగతి పాసై, 21 నుంచి 35 ఏళ్ళ మధ్య ఉన్న స్థానిక వివాహిత కావాలి. చదువు ఆపేసిన పెళ్ళే ఇక్కడ అర్హత అవుతుంది, ఆగిన చదువు అనర్హత అవుతుంది. ఆశా కార్యకర్తకూ, గ్రామైక్య సంఘం లెక్కలు చూసే యానిమేటరుకూ చదువు అడుగుతారు. ప్రణాళికల కాలంలో గ్రామసేవిక పోస్టు చేసిన పనినే ఈ పోస్టులు ఇప్పుడు చేస్తున్నాయి.

పొదుపు సంఘాల పుట్టుకే చదువులో ఉంది. నెల్లూరు జిల్లాలో 1991లో మొదలైన అక్షరదీపం కింద రాత్రి బడులకు వచ్చిన స్త్రీలు దూబగుంటలో సారా అంగడి మూయించారు. ఆ ఉద్యమం రాష్ట్రమంతా పాకి 1993 అక్టోబరు 1 నుంచి సారా నిషేధానికీ, 1995లో సంపూర్ణ మద్య నిషేధానికీ దారి తీసింది. సారాకు పోని రూపాయిని దాచుకుందామన్న ఆలోచనతో నెల్లూరులోనే పొదుపు లక్ష్మి వచ్చింది. రోజుకు ఒక రూపాయి. 2000లో వెలుగు పథకం ఆ సంఘాలను గ్రామైక్య సంఘాలుగా, మండల సమాఖ్యలుగా కట్టింది. పేరు ఎన్నిసార్లు మారినా ఊళ్ళలో ఆ కార్యాలయం ఇప్పటికీ వెలుగు ఆఫీసే.

పది పదిహేను మంది సభ్యులు, క్రమం తప్పని సమావేశం, పొదుపు, లోపల్లోపల అప్పు, తిరిగి కట్టడం, పుస్తకం రాయడం సంఘం నడిచే తీరు. అక్కా, వదినా, పాపా అని పిలుచుకునే ఆ గుంపులో వయసు తేడా ఉన్నా ఎవరికీ చిన్నతనం లేదు. అందుకే సొరోరిటీలో లేని సౌకర్యం ఇక్కడ ఉంది. పరీక్ష ఫీజుకు సంఘంలోనే అప్పు తీసుకోవచ్చు. పరీక్ష రోజు బిడ్డను చూసుకునే చెయ్యి దొరుకుతుంది. వేలిముద్ర నుంచి సంతకానికి, సంతకం నుంచి తీర్మానం పుస్తకానికి వచ్చిన మనిషికి చదువు అక్కరకు వస్తుందన్నది ఎవరూ చెప్పనక్కరలేదు.

కానీ సంఘం అప్పు కోసం కట్టుకున్నది, పాఠం కోసం కాదు. పది మందిలో పదో తరగతికి కట్టేది ఒకరో ఇద్దరో. ఒక్కతే కట్టినప్పుడు ఆమె మళ్ళీ ఒంటరే, లెక్కల్లో ఆగిపోతే అడగడానికి హైస్కూల్లో చదివే కొడుకే దిక్కు. ఒకే వీధి నుంచి ముగ్గురు కలిసి ఫారం నింపితే పరిస్థితి మారుతుంది. సెలవు రోజు క్లాసుకు ఒకే ఆటో, ఒకే గైడు, సాయంత్రం ఒకరింటి అరుగు. వెలుగు సిబ్బంది గానీ ఓపెన్ స్కూలు అధ్యయన కేంద్రం గానీ చేయదగిన అతి చవకైన పని, సంఘాల్లో పది తప్పినవాళ్ళ పేర్లు రాసి, ఊరికొక జట్టుగా నమోదు చేయించడం. దానికి కొత్త పథకం అక్కరలేదు, సమాఖ్య దగ్గర సభ్యుల వివరాలు ఎటూ ఉన్నాయి.

డిగ్రీ దాటాక మళ్ళీ వసతి ప్రశ్న వస్తుంది. కడపలోనో తిరుపతిలోనో రెగ్యులర్ కోర్సులో చేరిన స్త్రీ హాస్టల్ గది తీసుకోవాలంటే పిల్లలను ఇంట్లో వదలాలి. తిరుపతిలో 1983 నుంచి శ్రీ పద్మావతి మహిళా విశ్వవిద్యాలయం ఉంది, దాని హాస్టళ్ళూ అమ్మాయిలను దృష్టిలో పెట్టుకున్నవే. బిడ్డతో సహా ఉండనిచ్చే నమూనా కాలేజీల బయట ఉంది. 1972–73లో కేంద్రం తెచ్చిన ఉద్యోగినుల హాస్టళ్ళ పథకంలో, ఇప్పుడు సఖి నివాస్ అంటున్న దానిలో, తల్లితో పాటు కూతురు పద్దెనిమిదేళ్ళ వరకు, కొడుకు పన్నెండేళ్ళ వరకు ఉండవచ్చు. ఉద్యోగ శిక్షణలో ఉన్న స్త్రీలకు కూడా అందులో మూడో వంతుకు కాస్త తక్కువగా చోటు ఇస్తారు. అలాంటి గది దొరకనివాళ్ళు ఊళ్ళో ఇల్లు అద్దెకు తీసుకుంటారు, లేదా రోజూ బస్సులో తిరగగలిగే దూరంలో ఉన్న కోర్సునే ఎంచుకుంటారు.